స్కూలు అనిమేల్లో ఫ్యాన్ సర్వీస్: ప్రేక్షకులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. దసరా సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి ఒక స్కూలు అనిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) మొదలుపెట్టాం. మూడు ఎపిసోడ్లు హాయిగా గడిచిపోయాయి. పరీక్షల భయం, టిఫిన్ డబ్బాల మార్పిడి, వానలో ఒకే గొడుగు కింద ముగ్గురు. నాలుగో ఎపిసోడ్‌లో పిల్లలంతా సముద్రానికి వెళ్లారు. కెమెరా ఒక అమ్మాయి మీద ఆగింది. ఆగాల్సినదానికన్నా కాస్త ఎక్కువసేపు ఆగింది. మా పాప ఏమీ అనలేదు. పక్కనున్న దిండు తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత "పిన్నీ, నీళ్లు తాగొస్తా" అని లేచింది. వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు వినబడింది, వేసిన చప్పుడూ వినబడింది. సీను అయ్యేదాకా మాత్రం తను రాలేదు.

అప్పటినుంచి ఈ విషయం మీద చాలామందితో మాట్లాడాను, కొందరితో వాదించాను. ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇవి.

అసలు ఫ్యాన్ సర్వీస్ అంటే ఏమిటి?

మనకు బాగా తెలిసిన మాటలో చెప్పాలంటే కొసరు. కూరగాయలు తూచాక బండి ఆయన గుప్పెడు కొత్తిమీర పైన వేస్తాడు చూడండి, అలాంటిది. జపాన్‌లో కొట్టువాళ్లు ఉచితంగా ఇచ్చే అదనాన్ని కూడా 'సర్వీస్' అనే అంటారు. 1995లో వచ్చిన ఎవాంగెలియన్ అనే అనిమేలో ప్రతి ఎపిసోడ్ చివర, వచ్చేవారం సంగతులు చెబుతూ 'మిసాతో' అనే పాత్ర "సర్వీస్, సర్వీస్!" అని ఊరించేది. ఆ మాట అభిమానుల నోళ్లలో అలాగే ఉండిపోయింది.

పాత పాత్ర ఒకటి హఠాత్తుగా కనిపించడం, పాత పాట మళ్లీ వినిపించడం కూడా ఫ్యాన్ సర్వీసే. కానీ జనం గొడవపడేది వాటి గురించి కాదు. కథకు పని లేకపోయినా పాత్రల ఒంటిని చూపించడానికి పెట్టే కోణాలు, దుస్తులు, జారిపడటాలు, తలుపు తీయగానే ఎదురయ్యే 'పొరపాట్లు', వీటి గురించి. ఈ పేజీలో ఆ మాటను ఆ అర్థంలోనే వాడుతున్నాను.

యాక్షన్ అనిమేల్లో ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది కదా, స్లైస్ ఆఫ్ లైఫ్ (మామూలు రోజుల కథలు) దగ్గరే ఎందుకింత బాధ?

అక్కడ కెమెరా చేసే పని వేరు కాబట్టి. కత్తియుద్ధాల కథలో కెమెరా ప్రతి క్షణం ఎగురుతూ ఉంటుంది, ప్రేక్షకుడు కూడా అన్నిటికీ సిద్ధపడే కూర్చుంటాడు. స్లైస్ ఆఫ్ లైఫ్‌లో జరిగేదేమీ ఉండదు. టీ తాగుతారు, బస్సు కోసం నిలబడతారు, హోంవర్క్ మర్చిపోతారు. అక్కడ కెమెరా ఆ గుంపులో ఇంకో స్నేహితురాలిలా మౌనంగా పక్కన కూర్చుంటుంది. మనం ఆ చూపును నమ్మి, దాని వెంట ఆ గదిలోకి వెళ్తాం.

నా మనసులో ఎప్పుడూ ఉండే ఉదాహరణ ఒకటి చెబుతాను. 2013లో వచ్చిన నాన్ నాన్ బియోరిలో పల్లెటూరి బడి ఒకటి ఉంటుంది. బడి మొత్తానికి 5 మందే పిల్లలు. వాళ్లలో చిన్నది రెంగే, ఒకటో తరగతి. నాలుగో ఎపిసోడ్‌లో, వేసవికి అమ్మమ్మగారింటికి వచ్చిన తన ఈడు పిల్లతో రెంగేకి స్నేహం కుదురుతుంది. ఒకరోజు ఆడుకుందామని వెళ్తే, ఆ పిల్ల ఉన్నట్టుండి ఊరికి వెళ్లిపోయిందని అవతల అమ్మమ్మ చెబుతుంది. అప్పుడు కెమెరా రెంగే ముఖం మీద నిలబడుతుంది. కదలదు. వేరే షాట్‌కు పోదు. చాలాసేపు ఏమీ జరగదు, తర్వాత కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ పసిదానికి విషయం అర్థమవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ మనల్ని ఆగమంటుంది ఆ షాట్.

మనిషిని అంత ఓపికగా, అంత గౌరవంగా చూసే కళ్లు స్లైస్ ఆఫ్ లైఫ్‌వి. అవే కళ్లు మరుసటి సీనులో ఇంకో పిల్ల ఒంటి మీద పాకితే, అప్పటిదాకా కలిగిన దగ్గరితనం కూడా అనుమానంగా తోస్తుంది. ప్రేక్షకులు "మూడ్ పాడైంది" అనేది దీన్నే. అది నమ్మకం పోయిన బాధ. పాతకాలపు మనుషులని వాళ్లను కొట్టిపారేయడం నాకు న్యాయంగా అనిపించదు.

సముద్రం ఎపిసోడ్, వేడినీటి బుగ్గల ఎపిసోడ్ లేకుండా ఉండలేరా?

ఈ విషయంలో జపాన్‌కు కాస్త న్యాయం చేయాలి. వేడినీటి బుగ్గల్లో, వీధి స్నానశాలల్లో ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో కలిసి స్నానం చేయడం అక్కడ శతాబ్దాల అలవాటు. చాలా బడుల్లో ఈతకొలను ఉంటుంది, వేసవిలో ఈత పాఠాలు ఉంటాయి. కాబట్టి ఈతదుస్తులు కనబడగానే, ఆవిరి కనబడగానే ఫ్యాన్ సర్వీస్ అని ముద్ర వేయకూడదు.

2018 నాటి యురు క్యాంప్ చూడండి. యమనాషి కొండల మీద క్యాంపుకు వెళ్లే అమ్మాయిలు అక్కడి వేడినీటి స్నానశాలకు వెళ్తారు. హొత్తరకాషి అనే నిజమైన చోటు దానికి నమూనా. ఆ సీనులో మనకు గుర్తుండిపోయేది చలిలోంచి వేడినీళ్లలోకి దిగినప్పటి హాయి, కింద లోయలో కనిపించే ఊరు. బయటికొచ్చాక వేయించిన గుడ్డు తిని, ఒళ్లు బరువెక్కి అక్కడే కునుకు తీస్తారు. చూస్తున్న మనకూ నిద్ర ముంచుకొస్తుంది. స్నానం ఉంది, కొసరు లేదు.

2007లో మొదలైన హిదామారి స్కెచ్‌ది మధ్యస్థం. ఆర్ట్ స్కూల్లో చదివే యునో రోజు చివర తొట్టిలో స్నానం చేస్తూ ఆ రోజు జరిగింది తలచుకుంటుంది. నీళ్లలో కలిపే స్నానపు పొడి రంగు మారుతూ ఉంటుంది. కొందరికి అది డైరీ రాసుకోవడంలా ప్రశాంతంగా ఉంటుంది. స్నానాల తొట్టే ఎందుకు, కిటికీ దగ్గర కూర్చోబెట్టొచ్చుగా అని కొందరంటారు. నేను మొదట్లో మొదటి పక్షం. మా పాపతో కూర్చుని చూశాక రెండో పక్షం వాళ్ల మాట కూడా సరిగ్గా వినగలిగాను.

దీని వెనక వ్యాపారం ఎంత?

చాలానే. ఈ రకం అనిమేలు జపాన్‌లో ఎక్కువగా అర్ధరాత్రి దాటాక ప్రసారమయ్యేవి. నిర్మాణ కమిటీలో కొన్ని కంపెనీలు కలిసి డబ్బు పెట్టేవి. టీవీలో వేయడం ప్రచారం లాంటిది, అసలు రాబడి తర్వాత అమ్మే డిస్కుల మీద, బొమ్మల మీద. రెండు మూడు ఎపిసోడ్లున్న ఒక్క డిస్కు వేల యెన్లు పలికేది. అంత పెట్టి కొనేవాళ్లు కొన్ని వేలమందే కాబట్టి, ఆ కొద్దిమందికి నచ్చేలా సీన్లు పెట్టేవారు. టీవీలో ఆవిరి, అసహజమైన వెలుగు గీతలు అడ్డం పెట్టి, డిస్కులో అవి తీసేసి అమ్మిన రోజులున్నాయి.

ఇప్పుడు రాబడిలో పెద్ద వాటా స్ట్రీమింగ్ నుంచి, విదేశాల నుంచి వస్తోంది. చూసేవాళ్లలో హైదరాబాదులో పిన్నీ ఉంది, ఆమె పక్కన తొమ్మిదో తరగతి పిల్లా ఉంది. లెక్క మారింది. అలవాటు మారడానికి ఇంకా టైం పడుతోంది.

ఫ్యాన్ సర్వీస్ పెంచితే అభిమానులే తిరగబడ్డ సందర్భం ఉందా?

మినామి-కె. అక్కచెల్లెళ్లు ముగ్గురు, ఒక ఫ్లాటు, బడి, వంట, చిన్న చిన్న అలకలు. 2007 అక్టోబరులో మొదలైన తొలి సీజన్ ప్రతి ఎపిసోడ్ ముందూ, ఇది మినామి అక్కచెల్లెళ్ల మామూలు రోజుల కథ, ఎక్కువ ఆశలు పెట్టుకోకండి అని చెప్పి మొదలయ్యేది. ఆ వినయమే దాని అందం.

2008 జనవరిలోనే రెండో సీజన్ వచ్చింది, వేరే స్టూడియో చేతుల్లో. మొదటి ఎపిసోడే వేడినీటి బుగ్గల ప్రయాణం. మూలమైన మాంగాలో (జపాన్ బొమ్మల కథలో) లేని పక్కింటి అబ్బాయిని ఒకణ్ని కొత్తగా తెచ్చారు, కథ మీద బరువైన నీడ పరిచారు. అవే పాత్రలు, అవే పేర్లు, అయినా పరాయి ఇంట్లో కూర్చున్నట్టు ఉంది అన్నారు అభిమానులు. ఫ్యాన్ సర్వీస్ ఒక్కటే వాళ్ల ఫిర్యాదు కాదు. కానీ అక్కచెల్లెళ్లను చూసే చూపు మారిందని మొదటి పది నిమిషాల్లోనే పసిగట్టారు. మొదటి సీజన్ చూసి వెంటనే రెండోది పెట్టండి, మీకే తెలుస్తుంది. ఈ మొత్తం చర్చకు ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

కె-ఆన్!లో ఆ గిన్నె సీను ఫ్యాన్ సర్వీసా, కాదా?

తెలియనివాళ్ల కోసం: 2009లో క్యోటో యానిమేషన్ తీసిన కె-ఆన్! హైస్కూలు అమ్మాయిల బ్యాండ్ కథ. దర్శకురాలు యమదా నావోకో. ఆరో ఎపిసోడ్‌లో స్కూలు ఉత్సవం. సిగ్గుతో చచ్చిపోయే మియో ఎట్టకేలకు స్టేజీ మీద బాగా పాడుతుంది. పాట అయ్యాక వైరు కాలికి తగిలి, హాలంతా చూస్తుండగా పడిపోతుంది. సరిగ్గా ఆ క్షణాన తెర మీద కనిపించేది ఒక చారల అన్నం గిన్నె, అంతే. తర్వాత మియో కేక.

మంచి మనసుతో తీశారు అనేవాళ్లు అంటారు: హాల్లో ఉన్నవాళ్లంతా చూశారు, మనకు మాత్రం దర్శకురాలు ఆ అవకాశం ఇవ్వలేదు, ఆ పిల్ల పరువు మన దగ్గర కాపాడింది. కాదనేవాళ్లు అంటారు: గిన్నె చారలు ఆమె లోదుస్తులకు గుర్తని అందరికీ అర్థమైంది, కాబట్టి జోకు జోకే, బాధపడింది మియోనే. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. ఒక అమ్మాయి అవమానం మీద నవ్వు పుట్టించారు, అది ఉంది. కానీ ఆ అవమానాన్ని ఆమె వైపు నుంచి చూపించారు, చూసేవాడి వైపు నుంచి కాదు. మొత్తమ్మీద నేను గిన్నె పక్షమే.

అదే సిరీస్‌లో సావాకో టీచరు పిల్లల చేత బలవంతంగా రకరకాల దుస్తులు వేయించే జోకు మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు. మియో వద్దంటుంది. వద్దన్న మాటను హాస్యంగా వాడుకున్న ప్రతిసారీ ఆ సీను నాకు బరువుగానే ఉంటుంది.

కాళ్లు చూపిస్తే చాలు, ఫ్యాన్ సర్వీస్ అనాలా?

అనకూడదు. యమదా నావోకో సినిమాల్లో కాళ్ల షాట్లు లెక్కలేనన్ని. ముఖం దాచుకున్న మనిషి మనసును ఆమె పాదాల్లో చూపిస్తుంది. భయపడ్డ కాళ్లు ఒకదానికొకటి దగ్గరవుతాయి, సంతోషం వచ్చిన కాళ్లు నేల మీద నిలవవు. 2011 డిసెంబరులో వచ్చిన కె-ఆన్! సినిమా చివర నలుగురు స్నేహితురాళ్లు మాట్లాడుకుంటూ నడుస్తుంటే కెమెరా వాళ్ల కాళ్ల దగ్గరే ఉంటుంది. ఆ నడకలో వాళ్ల మూడేళ్ల స్నేహం మొత్తం ఉంది. ఏ భాగం చూపించారు అని అడిగితే జవాబు దొరకదు. ఎవరి కళ్లతో చూపించారు, ఆ క్షణంలో ఆ పాత్ర లోపల ఏముంది, అది మనకు తెలిసిందా? నేను అడిగేవి ఇవే.

మాంగాలో ఉన్నదాన్ని అనిమేలో తీసేయడం మూలానికి ద్రోహం కాదా?

ఈ వాదన 2025లో జపాన్‌లో గట్టిగా నడిచింది, బొచ్చి ది రాక్! గురించి. జనంలోకి వెళ్లాలంటేనే వణికిపోయే హితోరి, కొత్త ఉద్యోగం మొదటిరోజు తప్పించుకోవడానికి జలుబు తెచ్చుకుందామని ఐసు నీళ్ల తొట్టిలో కూర్చుంటుంది. మాంగాలో ఆమె ఒంటి మీద బట్టలు లేవు. 2022 అనిమేలో ఈతదుస్తులు వేశారు. ఆ సీజన్ రచయిత్రి యోషిదా ఎరికా, ఇలాంటివి కథకు అడ్డొచ్చే 'నాయిస్' అవుతాయనే అర్థంలో మాట్లాడటంతో గొడవ మొదలైంది. అసలు రచయిత్రి బొమ్మను నాయిస్ అంటారా అని ఒక పక్షం కోప్పడింది. నా కూతురితో కలిసి చూడగలిగింది అందుకే కదా అని ఇంకో పక్షం.

'నాయిస్' అన్న మాట నొప్పించిందంటే అర్థం చేసుకోగలను. మూలం గీసినవాళ్ల మీద గౌరవం ఉండాలి. కానీ సీను చూడండి. నవ్వు ఎక్కడుంది? ఉద్యోగానికి వెళ్లడం కన్నా న్యుమోనియా మేలు అనుకునే ఆ పిల్ల ఆలోచనలో ఉంది. ఈతదుస్తులతో ఆ నవ్వు ఒక్క గింజ కూడా తగ్గలేదు. పైగా ఐసు నీళ్లకు కూడా పద్ధతిగా తయారై కూర్చుందే అనిపించి, నాకైతే ఇంకొంచెం నవ్వొచ్చింది.

కథే దుస్తుల గురించి అయితే? మై డ్రెస్-అప్ డార్లింగ్ లాంటివి?

కష్టమైన ప్రశ్న. సైతామాలోని ఇవాత్సుకిలో హినా అనే సంప్రదాయ బొమ్మలు చేసే ఇంటి కుర్రాడు గోజో, కాస్‌ప్లే (కథల్లోని పాత్రల్లా వేషం వేయడం) అంటే ప్రాణమిచ్చే తోటి విద్యార్థిని మారిన్‌కు బట్టలు కుట్టిపెడతాడు. 2022 జనవరిలో మొదటి సీజన్ వచ్చినప్పుడు ప్రేక్షకులు రెండుగా చీలిపోయారు. నిజం చెప్పాలంటే ఒక్కో ప్రేక్షకుడే రెండుగా చీలాడు. బట్ట ఎంచడం, కొలత, కుట్టు, విగ్గు, నిద్రలేని రాత్రులు, వీటిని అంత ప్రేమగా చూపించిన అనిమేలు తక్కువ. తన ఇష్టాన్ని ఎవరూ ఎగతాళి చేయకూడదని మారిన్ అనే మాట ఎంతోమందికి సొంత మాటలా తగిలింది. అదే ఎపిసోడ్లలో కెమెరా హద్దు దాటే సీన్లు ఉన్నాయి, వాళ్లేమో హైస్కూలు పిల్లలు. బట్టల కథ కాబట్టి బట్టలు చూపాలి, ఒప్పుకుంటాను. ఆ కోణాలన్నీ అవసరమే అంటే ఒప్పుకోను. కుట్టుపని కోసం చూశాను, కొన్ని చోట్ల ముందుకు జరిపాను. పిల్లలకు మాత్రం చూపించను.

గీసిన బొమ్మలే కదా, ఎవరికి నష్టం?

బొమ్మకు నష్టం లేదు. నీళ్లు తాగొస్తానని లేచిన పిల్లకు ఉంది. తన వయసు అమ్మాయిని తెర ఎలా చూస్తుందో ఆమె అక్కడే నేర్చుకుంటుంది.

చట్టం మాటకొస్తే, జపాన్ 2014లో పిల్లల అశ్లీల చిత్రాలు దగ్గర పెట్టుకోవడాన్ని నేరం చేసినప్పుడు మాంగా, అనిమేలను ఆ పరిధిలోకి తీసుకురాలేదు. మన దేశంలో పోక్సో చట్టానికి 2019లో చేసిన సవరణ, పిల్లల్లా కనిపించేలా సృష్టించిన లైంగిక చిత్రాలను కూడా లెక్కలోకి తెచ్చింది. మామూలు స్కూలు అనిమేలో వచ్చే సముద్రం ఎపిసోడ్‌కు అంత దూరం వెళ్లక్కర్లేదు. కానీ 'బొమ్మే కదా' అన్న ఒక్క మాటతో చర్చ ముగిసిపోదని తెలియాలి.

మన సినిమాల్లో ఐటమ్ పాటలు చూస్తూ అనిమేని తప్పు పడతారేం?

ఐటమ్ పాటనూ తప్పు పట్టొచ్చు, పడుతున్నాను కూడా. తేడా మాత్రం ఉంది. ఐటమ్ పాట వస్తుందని పోస్టరే చెబుతుంది. అందులో ఉన్నది వయసొచ్చిన నటి. పాట అయిపోతే కథ మళ్లీ మామూలే. స్కూలు అనిమేలో అది చెప్పకుండా వస్తుంది, మనం సొంత పిల్లల్లా అనుకున్న పాత్రల మీదే వస్తుంది.

అబ్బాయిల పాత్రల మీద చేస్తే పరవాలేదా?

లేదు. 2013లో వచ్చిన ఫ్రీ! హైస్కూలు ఈత క్లబ్బు కుర్రాళ్ల కథ, అమ్మాయిల్లో ఎంతో పేరు తెచ్చుకుంది. ఈత పోటీలో నీటిని చీల్చే భుజం కథలో భాగమే. పోటీ లేనప్పుడు కూడా అదే భుజం మీద కెమెరా తిరుగుతుంటే అదీ కొసరే.

చిన్నప్పుడు చూసినవి ఇప్పుడు చూస్తే ఎందుకు ఇబ్బందిగా ఉన్నాయి?

మనం పెరిగాం. అజుమాంగా దయో, 2002. స్కూలు స్లైస్ ఆఫ్ లైఫ్‌కు దారి వేసినవాటిలో అదొకటి, ఇప్పటికీ నాకు ప్రాణం. అందులో కిమురా అనే మాస్టారు, హైస్కూలు అమ్మాయిలంటే ఇష్టం కాబట్టే మాస్టారునయ్యానని క్లాసులో అంటాడు. అప్పట్లో అదొక విచిత్రమైన జోకు. ఇప్పుడు కొత్తగా చూసేవాళ్లు ఆ పాత్ర దగ్గరే ఆగిపోతున్నారు. వాళ్లను తప్పు పట్టలేను. అలాంటి మాస్టార్ల గురించి వార్తల్లో చదివాం, కొందరం బడిలోనే చూశాం.

అంతెందుకు, తెలుగులో డోరేమాన్ చూసి పెరిగినవాళ్లం. షిజుకా స్నానం చేస్తుంటే నోబితా ఊడిపడటం ఎన్నిసార్లు చూశామో! అప్పుడు ఎవరం ఏమీ అనుకోలేదు. ఇప్పుడు మన పిల్లలు పక్కన కూర్చుని చూస్తుంటే మన చేయి రిమోట్ మీదకు వెళ్తుంది.

ఇంట్లో పిల్లలతో చూడాలంటే ఎలా ఎంచుకోవాలి?

మన దేశంలో 2021 నిబంధనల ప్రకారం స్ట్రీమింగ్ సంస్థలు యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అని వయసు గుర్తు, దాని పక్కన కారణం చూపాలి. 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలుండాలి. ఆ తాళం పెట్టుకోండి. కానీ దాని మీదే ఆధారపడకండి, కెమెరా చూపు ఎలాంటిదో ఏ గుర్తూ చెప్పదు. మొదట మీరొక్కరే రెండు మూడు ఎపిసోడ్లు చూడండి. ఎపిసోడ్ల పేర్లలో సముద్రం, ఈతకొలను, వేడినీటి బుగ్గలు ఉంటే అది కూడా ముందే చూసేయండి.

నన్నడిగితే నిచిజో, యురు క్యాంప్, నాన్ నాన్ బియోరిలతో మొదలుపెట్టమంటాను. కొంచెం పెద్ద పిల్లలైతే, నలుగురు అమ్మాయిలు అంటార్కిటికా వెళ్లే 2018 నాటి సిరీస్ ఉంది, ఎ ప్లేస్ ఫర్దర్ దాన్ ది యూనివర్స్. తల్లి కోసం వెతుక్కుంటూ మంచులోకి వెళ్లిన కూతురి కథ అది. దగ్గర రుమాలు పెట్టుకోండి. 13 ఎపిసోడ్లలో ఎక్కడా రిమోట్ వెతుక్కోవాల్సిన పని పడదు.

ఇష్టమైన సిరీస్‌లో ఇలాంటి సీను వస్తే మొత్తం మానేయాలా?

అది మీ ఇష్టం, మానేసినవాళ్లదీ తప్పు కాదు. నేను సాధారణంగా మానను. ఆ సీను గురించి మాత్రం మాట్లాడతాను. పిల్లలు పక్కన ఉంటే తప్పకుండా మాట్లాడతాను.

ఆ దసరా రోజు పాప తిరిగొచ్చాక టీవీ ఆపి, "నచ్చలేదు కదా?" అన్నాను. తలూపింది. "నాక్కూడా" అన్నాను. కాసేపాగి తనే అడిగింది: "ఆ అమ్మాయికి తెలుసా పిన్నీ, అలా చూపిస్తున్నారని?" నాకు వెంటనే జవాబు తోచలేదు. తెలియదమ్మా, తెలిస్తే అక్కడ నిలబడేది కాదేమో అన్నాను.

సంక్రాంతికి మళ్లీ వచ్చింది. ఆ సిరీస్ మర్చిపోయి ఉంటుందనుకున్నాను. రాత్రి అన్నాలయ్యాక రిమోట్ తనే తీసుకుని, నాలుగో ఎపిసోడ్ దాటించి, ఐదోది పెట్టి, నాకు చోటిస్తూ పక్కకు జరిగింది.